కోహిమా

కోహిమా, భారతదేశపు ఈశాన్య రాష్ట్రాలలో ఒకటైన నాగాలాండ్ రాష్ట్రానికి రాజధాని, కోహిమా జిల్లాకు ముఖ్యపట్టణం. సముద్రమట్టానికి సుమారు 1,444 మీటర్ల ఎత్తున, ఉత్తర దక్షిణాలుగా సాగిన ఒక కొండ వెన్నుపై ఈ నగరం విస్తరించి ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా లక్షకు కొంచెం తక్కువ. రాజధాని అయినప్పటికీ రాష్ట్రంలో ఇది అతిపెద్ద పట్టణం కాదు. ఆ స్థానం మైదానంలో రైలుమార్గంపై ఉన్న దిమాపూర్‌ది. ప్రపంచ చరిత్రలో కోహిమా పేరు ప్రధానంగా రెండవ ప్రపంచయుద్ధ కాలంలో 1944లో ఇక్కడ జరిగిన పోరాటం వలన నిలిచినది. అయితే ఈ పట్టణానికి పూర్వమే ఇక్కడ ఒక పెద్ద గ్రామం ఉండేది. ఆ గ్రామం నేటికీ ఉన్నది. కోహిమా చరిత్రను తెలుసుకోదలచినవారు యుద్ధం కన్నా ముందు ఆ గ్రామాన్ని గురించి తెలుసుకోవలసి ఉంటుంది.

పేరు

అంగామీ నాగాలు ఈ ఊరిని కెవ్హిరా అని పిలిచేవారు. ఈ కొండలపై పెరిగే కెవ్హి అనే పూలమొక్క వలన ఆ పేరు వచ్చినదని చెబుతారు. ఈ పేరును సరిగా పలుకలేని బ్రిటిషువారు కోహిమా అని వ్రాసుకున్నారు. విశాఖపట్నం వైజాగ్ అయినట్లు ఇక్కడ కూడా కచేరీ కాగితాలలోని పేరే స్థిరపడినది. తేడా ఏమనగా, మన ఊళ్ళకు పాత పేర్లు తిరిగి వాడుకలోకి వచ్చినవి, కెవ్హిరా మాత్రం స్థానికుల మాటల్లోనే మిగిలినది.

ఉనికి

బ్రహ్మపుత్ర మైదానం నుండి మణిపూర్ లోయకు పోయే దారి కోహిమా కొండ వెన్నును దాటి వెళ్ళవలసి ఉన్నది. దిమాపూర్ నుండి ఇక్కడికి 74 కి.మీ. దూరం, ఇక్కడి నుండి మణిపూర్ రాజధాని ఇంఫాల్‌కు సుమారు 140 కి.మీ. ఇరువైపులా లోతైన లోయలు, అడవులు ఉండుటచేత బండ్లు నడవగల మార్గం ఇదొక్కటే అయినది. ఈ చిన్న ఊరికి బ్రిటిషువారు కచేరీ తెచ్చినా, జపాన్ సైన్యం వచ్చినా, చివరకు రాజధాని హోదా దక్కినా వాటి వెనుక ఈ దారి ఉన్నది.

పట్టణానికి దక్షిణంగా 3,048 మీటర్ల ఎత్తుగల జాప్ఫు శిఖరం ఉన్నది. నాగాలాండ్‌లో సారామతి తరువాత ఇదే ఎత్తైనది. వాతావరణం ఏడాది పొడుగునా చల్లగా ఉంటుంది. దేశానికి తూర్పు అంచున ఉండుటచేత ఇక్కడ పొద్దు త్వరగా పొడిచి త్వరగా గుంకుతుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర ప్రాంతానికే సూర్యాస్తమయం అవుతుంది. మన ప్రాంతం నుండి వెళ్ళేవారు దినచర్యను దీనికి తగినట్లు మార్చుకోవలెను. ఈ ప్రాంతం తీవ్ర భూకంప మండలంలో ఉన్నది. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి రహదారి మూసుకుపోవుట తరచుగా జరుగుతుంది. ఇన్ని వానలు కురిసే ఊరిలో ఎండాకాలం రాగానే త్రాగునీటికి ఇబ్బంది కలుగుట వింతగా తోచవచ్చు. కొండ వెన్నుపై ఉన్న ఊరు కనుక కురిసిన నీరంతా లోయలలోకి జారిపోతుంది.

గ్రామం

పట్టణానికి ఈశాన్య దిక్కున గుట్టపై ఉన్న కోహిమా గ్రామాన్ని బడా బస్తీ అని కూడా అంటారు. ఇది లీసెమియా, త్సుతుఒనుఒమియా, దాప్ఫుత్సుమియా, ప్ఫుచాత్సుమియా అనే నాలుగు ఖేళ్ళుగా విభజింపబడి ఉన్నది. ఖేల్ అనగా కొన్ని వంశాలవారు కలిసి నివసించే పేట. పేర్లు దీర్ఘంగా ఉండుటచేత వాడుకలో వీటిని మొదటి ఆంగ్లాక్షరాలతో ఎల్ ఖేల్, టి ఖేల్, డి ఖేల్, పి ఖేల్ అని పిలుస్తారు. పూర్వం ప్రతి నాగా గ్రామమూ ఒక కోటవలె ఉండేది. శత్రువులు రాకుండా కొండ కొసన ఇళ్ళు, వాటి చుట్టూ రాతి గోడ, లోపలికి పోవుటకు చెక్కడపు పనితనం గల బరువైన కొయ్య ద్వారం ఉండేవి. ఒక గ్రామానికి మరొక గ్రామంతో గాని, పైన ఒక రాజుతో గాని సంబంధం ఉండేది కాదు. అంగామీలలో వంశపారంపర్య రాజరికం లేదు. పెద్దలు కూర్చుని తీర్పు చెప్పేవారు.

అంగామీలు కొండ వాలును మెట్లు మెట్లుగా తొలిచి, సెలయేటి నీటిని వెదురు గొట్టాలతో మళ్ళించి వరి పండిస్తారు. మెట్ట వ్యవసాయం చేసే ఇతర నాగా తెగల నుండి వీరిని వేరుచేసేది ఈ మాగాణి సేద్యమే. భూమి వ్యక్తులదో వంశానిదో గ్రామానిదో అయి ఉంటుంది తప్ప ప్రభుత్వానిది కాదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తరువాతి రాజకీయ చరిత్ర చాలావరకు అర్థమవుతుంది.

ఫిబ్రవరి చివరి వారంలో జరిగే సెక్రెన్యి అంగామీల ప్రధాన పండుగ. పది రోజుల ఈ పండుగ శుద్ధికి సంబంధించినది. మొదటి రోజులలో ఇంటి మగవారు ఊటబావి నీటితో స్నానమాడి పాత ఏడాది మాలిన్యాన్ని కడుగుకొంటారు. నేడు నాగాలలో అత్యధికులు బాప్టిస్టు శాఖకు చెందిన క్రైస్తవులే అయినప్పటికీ, పండుగ కొనసాగుతున్నది.

బ్రిటిషువారి రాక

1826లో అస్సాం ఈస్టిండియా కంపెనీ వశమైన తరువాత మణిపూర్‌కు దారి వెదుకుతూ బ్రిటిష్ అధికారులు నాగా కొండలలో ప్రవేశించిరి. తరువాతి దశాబ్దాలలో వారు పంపిన దండయాత్రలు అనేకం. గ్రామాలు తగులబడుట, మరుసటి ఏడు తిరిగి కట్టుకొనుట, మళ్ళీ దండయాత్ర అన్నట్లుగా ఈ వ్యవహారం సాగినది. 1878లో నాగాహిల్స్ జిల్లా కేంద్రాన్ని కోహిమాకు మార్చిరి. నేటి పట్టణానికి అదే ఆరంభం.

మరుసటి సంవత్సరం అక్టోబరులో పొలిటికల్ అధికారి జి.హెచ్. డమాంట్, కోహిమాకు సుమారు 20 కి.మీ. దూరంలోని ఖొనోమా గ్రామ ద్వారం వద్ద కాల్పులలో మరణించెను. వెంటనే నాగాలు కోహిమా ఠాణాను ముట్టడించిరి. మణిపూర్ నుండి కర్నల్ జాన్‌స్టన్ సైన్యంతో వచ్చి ముట్టడిని విడిపించెను. ఖొనోమా యోధులు కొండపైని కోటలలో కొన్ని నెలల పాటు నిలిచి పోరాడిరి. 1880 మార్చిలో ఒడంబడికతో ఈ యుద్ధం ముగిసినది. ఆ గ్రామంలో బ్రిటిష్ అధికారుల స్మారక శిలలు, గ్రామ యోధుల స్మారకాలు రెండూ నేటికీ చూడవచ్చు.

అదే కాలంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు కోహిమాకు వచ్చిరి. 1881లో సి.డి. కింగ్ ఇక్కడ మిషన్‌ను స్థాపించెను. అంగామీల భాషకు రోమన్ లిపిలో వ్రాత, పాఠశాల, ముద్రిత పుస్తకం ఈ మిషన్ ద్వారానే వచ్చినవి. ఆ భాషను నేడు తెన్యిదియె అంటారు. రాష్ట్రంలో ఒక్కొక్క తెగకు ఒక్కొక్క భాష ఉండుటచేత బజారులో అందరూ మాట్లాడుకొనేది అస్సామీ ఆధారంగా పుట్టిన నాగామీస్. అధికార భాష ఇంగ్లీషు.

1929 జనవరి 10న సైమన్ కమిషన్ ముందు కోహిమాలో నాగా క్లబ్ ఒక వినతిపత్రం సమర్పించినది. మొదటి ప్రపంచయుద్ధంలో శ్రామిక దళాలుగా ఫ్రాన్సుకు వెళ్ళివచ్చిన నాగాలు కొందరు, ప్రభుత్వోద్యోగులు కలిసి 1918లో ఈ క్లబ్బును స్థాపించిరి. రాబోయే సంస్కరణలలో తమను చేర్చవద్దనీ, బ్రిటిషువారు వెళ్ళిపోయేటప్పుడు తమను పూర్వమువలె తమకే విడిచిపెట్టవలెననీ ఆ పత్రం సారాంశం. సైమన్ కమిషన్ అనగానే తెలుగు విద్యార్థులకు గుర్తు వచ్చేది 1928లో మద్రాసులో తుపాకుల ముందు రొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశం పంతులు. అదే కమిషన్‌ను మద్రాసులో బహిష్కరించుటకు, కోహిమాలో కలిసి పత్రం ఇచ్చుటకు కారణాలు వేరు వేరు. ఈ తేడా 1947 తరువాత పెద్ద సమస్య అయినది.

మణిపూర్, నాగా ప్రాంతాలలో బ్రిటిషువారిని ఎదిరించిన రాణి గైడిన్లియు 1932లో పట్టుబడి, స్వాతంత్ర్యం వచ్చేవరకు జైలులో ఉండెను. తరువాతి కాలంలో కొన్నేళ్ళు ఆమె కోహిమాలో నివసించెను.

1944 కోహిమా యుద్ధం

1942లో బర్మాను జయించిన జపాన్ సైన్యం 1944 మార్చిలో చింద్విన్ నదిని దాటి భారతదేశంపై దండెత్తినది. జనరల్ ముతాగుచి నాయకత్వంలో సాగిన ఈ దండయాత్రలో రెండు డివిజన్లు, మరికొన్ని బలగాలు ఇంఫాల్‌ను చుట్టుముట్టగా, లెఫ్టినెంట్ జనరల్ సాటో కోతోకు ఆధీనంలోని 31వ డివిజన్‌కు కోహిమాను పట్టుకొను పని అప్పగింపబడినది. కోహిమా పోతే ఇంఫాల్‌కు రోడ్డు తెగిపోవును. దిమాపూర్ పోతే అస్సాం రైలుమార్గము, దానితో చైనాకు సాగుతున్న సరఫరా ప్రమాదంలో పడును.

కొండలలో ఇంత పెద్ద సైన్యం నడచి రాలేదని బ్రిటిష్ సేనానులు భావించిరి. ఆ అంచనా తప్పినది. తూర్పున జెస్సామీ, ఖరసోమ్ అనే ఊళ్ళ వద్ద అస్సాం రెజిమెంట్ సైనికులు మార్చి చివరి రోజులలో కొంతకాలం వారిని ఆపగలిగిరి. ఖరసోమ్‌లో కెప్టెన్ జాన్ యంగ్ తన మనుషులను వెనుకకు పంపివేసి తానొక్కడే నిలిచి మరణించెను. ఆ కొద్ది రోజులే కోహిమాను కాపాడినవని చరిత్రకారులు చెబుతారు.

ఏప్రిల్ 4న జపాన్ సైనికులు కోహిమా చేరిరి. పట్టణంలో కర్నల్ హ్యూ రిచర్డ్స్ ఆధ్వర్యంలో ఉన్నవారు 2,500 మందికి మించరు. వారిలో గుమాస్తాలు, వంటవారు, ఆసుపత్రి నుండి లేచినవారు, డిపో సిబ్బంది చాలామంది. మరునాడు రాయల్ వెస్ట్ కెంట్ రెజిమెంట్‌కు చెందిన 4వ బెటాలియన్ లోపలికి రాగలిగినది. దాని వెనుక వస్తున్న 161వ భారతీయ బ్రిగేడులోని మిగిలిన దళాలు మూడు కి.మీ. దూరాన జోట్సోమా వద్ద నిలిచిపోయి అక్కడి నుండి ఫిరంగులతో సాయపడినవి. ముట్టడి రెండు వారాలు సాగినది. ఒక్కొక్క గుట్టే చేజారిపోగా, చివరకు రక్షకులు గారిసన్ హిల్ అనే చిన్న దిబ్బకు పరిమితమైరి. త్రాగునీరు విమానాల నుండి జారవిడువగా వచ్చినదాన్ని కొలిచి పంచుకొనిరి. గాయపడినవారు కందకాలలో పడి ఉండి మరల గాయపడిరి.

ఆ దిబ్బ అంచున డిప్యూటీ కమిషనర్ చార్లెస్ పాసీ బంగళా, దాని ముందు ఒక టెన్నిస్ మైదానం ఉండేవి. ఈ మైదానానికి ఒక ప్రక్క బ్రిటిష్ కందకాలు, మరొక ప్రక్క జపాన్ కందకాలు. నడుమ దూరం ఆట మైదానం వెడల్పే. చేతిబాంబులు ఇటునుండి అటు విసురుకొనుచు వారాల తరబడి ఇక్కడ పోరాడిరి. ఏప్రిల్ 18న పంజాబు రెజిమెంట్ సైనికులు లోపలికి చేరుటతో ముట్టడి విడినది. కాని కోహిమా గుట్టలను తిరిగి పట్టుకొనుటకు బ్రిటిష్ 2వ డివిజన్‌కు, భారతీయ దళాలకు మరొక నెల పట్టినది. మే 13 నాటికి ఒక టాంకును కష్టపడి గుట్టపైకి ఈడ్చి, మైదానం అంచు నుండి కాల్చి చివరి బంకర్లను పడగొట్టిరి.

సాటో సైన్యం సుమారు మూడు వారాల తిండితో బయలుదేరినది. ఇంఫాల్ త్వరలో లొంగిపోవును, సరఫరా అందును అన్నది పై అధికారుల లెక్క. ఏదీ అందలేదు. ఆకలితో, రోగాలతో మనుషులు చచ్చుచుండగా సాటో ఆజ్ఞను ధిక్కరించి మే చివర వెనుకకు మరలెను. ఇందుకు అతనిని పదవి నుండి తొలగించిరి. విచారణ జరిగితే పైవారి తప్పులు బయటపడునని మతిస్థిమితం లేనివానిగా ప్రకటించిరి. జూన్ 22న కోహిమా నుండి వచ్చిన దళాలు, ఇంఫాల్ నుండి వచ్చిన దళాలు 109వ మైలురాయి వద్ద కలుసుకొనుటతో రహదారి తెరుచుకున్నది. కోహిమా పోరులో బ్రిటిష్, భారతీయ పక్షాన చనిపోయినవారు, గాయపడినవారు, తప్పిపోయినవారు కలిసి సుమారు 4,000. జపాన్ పక్షాన 5,700కు పైగా అని సాధారణంగా లెక్క చెబుతారు. 2013లో బ్రిటన్‌లోని జాతీయ సైనిక మ్యూజియం నిర్వహించిన ఎంపికలో కోహిమా, ఇంఫాల్ యుద్ధాలే ఆ దేశం పోరాడిన యుద్ధాలలో గొప్పవిగా నిలిచినవి.

ఇక్కడ మన పాఠ్యపుస్తకాల గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఆజాద్ హింద్ ఫౌజ్ కోహిమా, ఇంఫాల్ వరకు వచ్చినదని ఒక వాక్యంతో పిల్లలకు చెప్పి ముగిస్తాము. సుభాష్ బ్రిగేడులోని కొంత భాగం మే నెలలో కోహిమా వైపు వచ్చినమాట నిజమే. అదే గుట్టలపై బ్రిటిష్ పక్షాన పోరాడినవారిలో కూడా పంజాబీలు, రాజపుత్రులు, గూర్ఖాలు, అస్సామీలు పెద్ద సంఖ్యలో ఉండిరి. భారతీయులు రెండువైపులా ఉన్న యుద్ధమిది. నాగాలలో కూడా ఎక్కువమంది బ్రిటిష్ సైన్యానికి దారి చూపిరి, గాయపడినవారిని మోసిరి, వార్తలు తెచ్చిరి. తరువాత నాగా జాతీయోద్యమ నాయకుడైన ఎ.జడ్. ఫిజో మాత్రం బర్మాలో ఆజాద్ హింద్ ఫౌజ్ పక్షాన ఉండెను.

యుద్ధానికి మూల్యం చెల్లించినవారిలో కోహిమా గ్రామస్థులు మొదటివారు. గ్రామం పోరాటపు నడిబొడ్డున చిక్కి బాంబులకు దాదాపు పూర్తిగా ధ్వంసమైనది. జనం అడవులలోకి, ఇతర గ్రామాలకు పారిపోయిరి. ధాన్యపు గాదెలు, పశువులు సైన్యాల పాలైనవి. తిరిగి వచ్చినవారికి ఇల్లు ఉన్న చోటు కూడా గుర్తు పట్టుటకు లేకపోయినది. సైనిక చరిత్రలు రెజిమెంట్ల పేర్లను ఎంతో వివరంగా వ్రాయగా, ఈ భాగం చాలాకాలం నోటిమాటగానే మిగిలినది. కోహిమాలో పుట్టిన నాగా రచయిత్రి ఈస్టరీన్ కీరె తన ‘మారి’ నవలలో ఈ యుద్ధాన్ని ఒక స్థానిక యువతి కళ్ళతో చెప్పినది. నాగాల ఋణం తీర్చుకొనుటకని బ్రిటిష్ 2వ డివిజన్ మాజీ సైనికులు 2000 దశకంలో ఒక విద్యా ట్రస్టును స్థాపించి ఇక్కడి విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇచ్చుట మొదలుపెట్టిరి.

స్వాతంత్ర్యం నుండి రాష్ట్రం వరకు

1947 ఆగస్టు 14న నాగా నేషనల్ కౌన్సిల్ స్వతంత్రం ప్రకటించుకున్నది. 1951 మే 16న ఫిజో నాయకత్వంలో ప్రజాభిప్రాయ సేకరణ మొదలుపెట్టినది. భారత ప్రభుత్వం వీటిని గుర్తించలేదు. 1953 మార్చి 30న ప్రధాని నెహ్రూ, బర్మా ప్రధాని ఊ నూ కలిసి కోహిమాకు వచ్చిరి. నాగా ప్రతినిధులు విజ్ఞాపన సమర్పించుటకు అధికారులు అనుమతించలేదు. సభకు వచ్చిన జనం ప్రధాని ప్రసంగం వినకుండా లేచి వెళ్ళిపోయిరి. ఒక అధికారి మొండితనం వలన ఎంతటి నష్టం జరుగునో చెప్పుటకు ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు. 1950 దశకం మధ్య నుండి సాయుధ పోరు, సైనిక చర్యలు మొదలైనవి. 1958లో సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం వచ్చినది.

మితవాద నాయకులతో 1960లో కుదిరిన పదహారు అంశాల ఒప్పందం మేరకు 1963 డిసెంబరు 1న నాగాలాండ్ భారతదేశపు 16వ రాష్ట్రమైనది. కోహిమాలో జరిగిన ప్రారంభోత్సవానికి విచ్చేసినవారు నాటి రాష్ట్రపతి డా. సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931-36 మధ్య ఉపాధ్యక్షులుగా పనిచేసిన మన రాధాకృష్ణనే. మొదటి ముఖ్యమంత్రి పి. షిలు ఆవో. తరువాతి కాలంలో మరొక తెలుగువారు, మాజీ సైన్యాధిపతి జనరల్ కె.వి. కృష్ణారావు 1984లో నాగాలాండ్ గవర్నరుగా నియమితులై 1989 వరకు పనిచేసిరి.

రాష్ట్రంతో పాటు రాజ్యాంగంలో 371-ఎ అధికరణం చేరినది. నాగాల మత, సామాజిక ఆచారాలు, సంప్రదాయ న్యాయం, భూమి యాజమాన్యం విషయాలలో పార్లమెంటు చేసిన చట్టం రాష్ట్ర శాసనసభ తీర్మానించనిదే ఇక్కడ వర్తించదు. ఉద్యోగాలలో స్థానిక రిజర్వేషన్ల కారణంగా మనకు పరిచయమైన 371-డి అధికరణానికి ఇది ముందుతరం సోదరి అనవచ్చును, కాని దీని పరిధి చాలా పెద్దది. రాజధానిలో ప్రభుత్వ భవనం కట్టవలసినా భూమి వంశంవారిని, గ్రామాన్ని అడుగవలసిందే.

రాష్ట్రం వచ్చుటతో సమస్య తీరలేదు. 1964లో కాల్పుల విరమణ, 1975లో షిల్లాంగ్ ఒప్పందం, దానితో విభేదించిన వర్గాల కొత్త సంస్థలు, 1997లో మరొక కాల్పుల విరమణ, 2015 ఆగస్టు 3న చట్ర ఒప్పందం, ఇట్లు ఈ కథ సాగినది. ఈ నడుమ 1995 మార్చి 5న కోహిమా వీధులలో ప్రయాణిస్తున్న రాష్ట్రీయ రైఫిల్స్ దళం, తమ వాహనపు టైరు పగిలిన శబ్దాన్ని బాంబుగా పొరబడి కాల్పులు జరుపగా ఏడుగురు పౌరులు మరణించిరి. ఊరివారు నేటికీ మరువని సంఘటన ఇది.

స్త్రీల స్థానం విషయంలో కోహిమా చరిత్ర రెండు విధాలుగా కనబడుతుంది. 1984లో ఏర్పడిన నాగా మదర్స్ అసోసియేషన్ సాయుధ వర్గాల నడుమ, సైన్యం నడుమ శాంతికై పనిచేసి దేశమంతటా పేరుపొందినది. అయినను పురపాలక ఎన్నికలలో స్త్రీలకు మూడవవంతు స్థానాలు ఇచ్చుట ఆచారానికి విరుద్ధమని తెగల సంఘాలు వ్యతిరేకించినవి. 2017 ఫిబ్రవరి 2న ఆందోళనకారులు కోహిమా పురపాలక సంఘ భవనానికి, మరికొన్ని ప్రభుత్వ కార్యాలయాలకు నిప్పు పెట్టిరి. ఆ నెలలోనే ముఖ్యమంత్రి టి.ఆర్. జెలియాంగ్ రాజీనామా చేసెను. 2023లో మొదటిసారిగా ఇద్దరు స్త్రీలు శాసనసభకు ఎన్నికైరి. ఆ ఇద్దరిలో ఒకరైన సల్హౌతుఒనుఒ క్రూసె కోహిమా జిల్లాలోని పశ్చిమ అంగామీ స్థానం నుండి గెలిచి మంత్రి అయినది. 2024 జూన్‌లో, ఇరవై ఏళ్ళ తరువాత, మూడవవంతు రిజర్వేషనుతోనే పురపాలక ఎన్నికలు జరిగినవి.

చూడదగిన ప్రదేశాలు

యుద్ధ సమాధుల తోట: గారిసన్ హిల్‌పై, పట్టణం నడిబొడ్డున ఉన్నది. కొండ వాలుపై మెట్లు మెట్లుగా 1,420 సమాధులు ఉన్నవి. ప్రతిదానిపై కంచు ఫలకం, దాని ప్రక్క పూలమొక్క. అన్నిటికన్నా పైన ఉన్న దహన స్మారకంపై, తమ మతాచారం ప్రకారం దహనం చేయబడిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు చెక్కబడినవి. చాలామంది క్రింద నుండే ఫోటోలు తీసుకొని వెళ్ళిపోతారు. భారతీయ సందర్శకులు తప్పక పైవరకు ఎక్కి ఈ పేర్లు చదువవలెను. టెన్నిస్ మైదానపు గీతలు తెల్లని సిమెంటుతో ఉన్నచోటనే నిలిపి ఉంచిరి. జపాన్ తుపాకీదారులు మాటుగా వాడుకున్న చెర్రీ చెట్టు యుద్ధంలో నేలకూలగా, దాని మొదలు నుండి చిగిర్చిన చెట్టును ఇక్కడ చూపుతారు. క్రింది ద్వారం వద్ద 2వ డివిజన్ వారి స్మారక శిల ఉన్నది. దానిపైని రెండు పంక్తుల వాక్యం ప్రపంచ ప్రసిద్ధం.

కేథడ్రల్: అరదురా కొండపైని కాథలిక్ ప్రధాన దేవాలయం 1991లో ప్రతిష్ఠింపబడినది. నాగా ఇంటి కప్పును తలపించే ముందుభాగం, లోపల 16 అడుగుల కొయ్య శిలువ దీని ప్రత్యేకతలు. దీని నిర్మాణానికి, ఇక్కడ మరణించిన జపాన్ సైనికుల బంధువులు కూడా విరాళాలు ఇచ్చిరి.

రాష్ట్ర మ్యూజియం: బయావు కొండపై ఉన్నది. వివిధ తెగల దుస్తులు, ఆభరణాలు, ఆయుధాలు, ఒకే మానును తొలిచి చేసిన పెద్ద దుంగ డోలు చూడవచ్చు. నాగా శాలువలను ఊరక రంగుల గుడ్డలుగా చూడరాదు. ఏ నేత ఏ తెగదో, దానిని కప్పుకొనుటకు పూర్వం ఎవరికి అర్హత ఉండేదో ఇక్కడ తెలుసుకొని తరువాత బజారులో కొనుట మంచిది.

బజారు: ఆకుకూరలు, వెదురు చిగుళ్ళతో పాటు నత్తలు, కప్పలు, పట్టుపురుగులు, కందిరీగ పిల్లలు సజీవంగా అమ్ముతారు. అలవాటు లేనివారు ముఖం చిట్లించకుండుట మర్యాద. పొగబెట్టిన పంది మాంసం, పులియబెట్టిన సోయా గింజలతో చేసే అఖుని, బియ్యంలో ఆకుకూరలు వేసి జావగా వండే గాల్హో ఇక్కడి వంటకాలు. శాకాహారులకు గాల్హోను మాంసం లేకుండా వండి ఇమ్మని ముందుగా చెప్పవలెను. గుంటూరు కారం తిన్న ధైర్యంతో నాగా మిరపను కొరకరాదు. 2008లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిరపను రాజా మిర్చి అంటారు. దానిని చిటికెడు తుంచి కూరలో ముంచి తీసివేయుట కూడా కద్దు.

కిసామా: పట్టణానికి 12 కి.మీ. దూరాన ఉన్న వారసత్వ గ్రామం. కిగ్వేమా, ఫెసామా గ్రామాలు ఇచ్చిన భూమిపై ఏర్పడినది కనుక వాటి పేర్ల నుండి ఈ పేరు కూర్చిరి. ప్రతి తెగకు దాని సంప్రదాయ మొరుంగ్ కట్టబడి ఉన్నది. మొరుంగ్ అనగా పూర్వం యువకులు రాత్రులు నిద్రించి విద్యలు నేర్చుకొనే ఇల్లు. 2000లో మొదలైన హార్న్‌బిల్ ఉత్సవం ఇక్కడ డిసెంబరు 1 నుండి 10 వరకు జరుగుతుంది. పర్యాటకుల కొరకు ప్రభుత్వం ఏర్పరచిన ఉత్సవమే అయినప్పటికీ, తెగల వారందరూ ఒకచోట చేరే సందర్భం ఇదే. తీరిక ఉన్నవారు తమకు వీలైన గ్రామంలో ఆ తెగ పండుగనే చూచుట మరింత బాగుంటుంది. కిసామా ప్రక్కనే ఉన్న కిగ్వేమాలో సాటో బసచేసినదని చెప్పే ఇంటిని చూపుతారు.

ఖొనోమా: ఒకప్పటి యోధుల గ్రామం నేడు అడవుల రక్షణకు పేరుపొందినది. వేటను ఎంతగానో ఇష్టపడే ఈ గ్రామస్థులు, బ్లిత్ ట్రాగోపాన్ అనే అందమైన అడవికోడి అంతరించిపోవుట గమనించి 1998లో తమ అడవిలో వేటను తామే నిషేధించుకొని రక్షిత ప్రాంతంగా ప్రకటించిరి. పోడు చేలలో ఆల్డర్ చెట్లను కొట్టివేయక కొమ్మలు మాత్రం నరికి, వాటి వేళ్ళ వలన నేలకు నత్రజని అందునట్లు చేసే వీరి పద్ధతి వ్యవసాయ శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించినది.

జుకో లోయ: నాగాలాండ్, మణిపూర్ సరిహద్దున సుమారు 2,450 మీటర్ల ఎత్తున ఉన్న ఈ లోయకు కాలినడకనే వెళ్ళవలెను. మరుగుజ్జు వెదురుతో నిండిన గుండ్రని గుట్టలు పచ్చని తివాసీవలె కనబడతాయి. జూన్, జూలై నెలలలో లిల్లీలు పూస్తాయి. శీతాకాలంలో ఎండిన వెదురుకు నిప్పంటుకుంటే ఆపుట కష్టం. 2006లోను, 2020 డిసెంబరు చివర నుండి 2021 జనవరి వరకును పెద్ద మంటలు చెలరేగినవి. అక్కడ పొయ్యి వెలిగించుటలో జాగ్రత్త అవసరం.

ప్రయాణం

కోహిమాకు రైలు లేదు. దిమాపూర్ నుండి కోహిమా సమీపంలోని జుబ్జా వరకు రైలుమార్గం నిర్మాణం చేపట్టబడినది. తెలుగు రాష్ట్రాల నుండి గువాహటి చేరి, అక్కడి నుండి రైలులో గాని విమానంలో గాని దిమాపూర్‌కు వెళ్ళి, పంచుకొనే టాక్సీలో కొండ ఎక్కుట సాధారణ మార్గం. నాగాలాండ్‌లో ప్రవేశించుటకు ఇతర రాష్ట్రాల భారతీయులు ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకొనవలెను. 1873 నాటి బ్రిటిష్ నిబంధన ఆధారంగా నేటికీ అమలులో ఉన్న ఈ అనుమతిని అంతర్జాలం ద్వారా పొందవచ్చును. రాష్ట్రంలో 1989 నాటి చట్టం ప్రకారం మద్యనిషేధం ఉన్నది. ఆదివారం దాదాపు అన్ని దుకాణాలు మూసి ఉంటాయి కనుక కావలసినవి శనివారం సాయంత్రమే కొని ఉంచుకొనవలెను. హార్న్‌బిల్ ఉత్సవపు రోజులలో గదులు దొరకుట కష్టం.